చార్మినార్ దగ్గర ఎల్మర్‌కేం పని?

మా ఆఫీసులో సీఎస్సార్ కమిటీ అని ఒకటుంది. దాంట్లో ఇష్టంగా ఎవరూ చేరరు, కాదనలేని వాళ్లు చేరతారు. అట్లా చేరినవాణ్ణి నేను. ఆ మధ్య ఒక మీటింగులో 14 స్లైడ్ల ప్రెజెంటేషన్ చూపించారు. చార్మినార్ నుంచి పత్తర్‌గట్టి మీదుగా మదీనా దాకా రోడ్డు పక్కన 30 ఫైబర్‌గ్లాస్ ఏనుగులు పెట్టాలట. డేవిడ్ మెకీ పిల్లల పుస్తకం ‘ఎల్మర్’లో ఏనుగు నమూనా. ఒక్కో ఏనుగుకి ఒక్కో ఆర్టిస్టు రంగులేస్తాడు, ఒక్కో కంపెనీ స్పాన్సర్ చేస్తుంది. పది వారాలపాటు జనం ఫోన్లో మ్యాపు పెట్టుకుని ఏనుగుల్ని వెతుక్కుంటూ తిరుగుతారు, సెల్ఫీలు దిగుతారు. ఆఖర్న వేలం. వచ్చిన డబ్బు ఛారిటీకి.

ఏ ఛారిటీకి? పదమూడో స్లైడులో ‘బెనిఫిషియరీ’ అన్న గడి ఎదురుగా ‘టీబీడీ’ అని ఉంది. తర్వాత చూద్దాంలే అని అర్థం. మా వృత్తిలో ఉన్నవాళ్లకి తెలుసు, టీబీడీ అని రాసిన పని చాలాసార్లు ప్రాజెక్టు అయిపోయాక కూడా టీబీడీగానే ఉంటుంది. బొమ్మ వాడుకున్నందుకు కట్టాల్సిన లైసెన్సు ఫీజు గడి మాత్రం నిండి ఉంది.

నేను గౌలిపురాలో పుట్టి పెరిగాను. ఇప్పుడూ అక్కడే ఉంటాను. రోజూ గచ్చిబౌలి పోయి వస్తాను. ఆ స్లైడ్లలో పాతబస్తీ ఫొటో చూస్తే మా ఇంటి ఫొటో ఎవరో పెళ్లిచూపులకి పంపించినట్టు అనిపించింది.

కానీ తిట్టడానికి ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. ఇట్లాంటి ఏనుగుల వెంట నేనూ తిరిగాను. సంతోషంగా తిరిగాను. 2019లో ఆన్‌సైట్ పని మీద న్యూకాసిల్‌లో ఉన్నాం. ఆ ఏడే అక్కడ ఊరంతా ఎల్మర్ ఏనుగులు పెట్టారు. సెయింట్ ఆస్వాల్డ్స్ హాస్పిస్ కోసం. హాస్పిస్ అంటే ఇక నయం కాదన్న రోగుల్ని నొప్పి తెలియకుండా, మర్యాదగా చూసుకునే చోటు. అక్కడ అప్పుడు పిల్లల కోసం కూడా ఒక విభాగం ఉండేది. మా పాపకి అప్పుడు ఐదేళ్లు. శనివారం పొద్దున్నే మ్యాపు చేత్తో పట్టుకుని తయారయ్యేది. చూసిన ఏనుగు మీద పెన్సిల్‌తో టిక్కు కొట్టేది. ఒకరోజు ముసురులో ఒక ఏనుగు దగ్గర నిలబడితే, పక్కనున్న పెద్దావిడ ఏనుగు తొండం నిమురుతూ, మా ఆయన ఆఖరి రెండు వారాలూ ఆ హాస్పిస్‌లోనే ఉన్నాడు అని మామూలుగా చెప్పింది. మా పాపకి అర్థం కాలేదు. నాకు అప్పుడే ఈ వ్యవహారం మొత్తం అర్థమైంది.

ఎల్మర్ తెలియని వాళ్లకోసం కథ రెండు ముక్కల్లో. పుస్తకం 1968లో మొదట అచ్చయింది, 1989లో మళ్లీ వచ్చి అన్ని దేశాలూ తిరిగింది. మంద మొత్తం ఏనుగు రంగులో ఉంటే ఎల్మర్ ఒక్కడే మా నాయినమ్మ కుట్టిన అతుకుల బొంతలాగా రంగురంగుల గళ్లతో ఉంటాడు. అందరూ నవ్వేది తనని చూసేనని దిగులుపడి, పళ్ల రసం ఒళ్లంతా పూసుకుని మామూలు ఏనుగైపోతాడు. వాన పడి రంగు కారిపోతుంది. చివరికి మందే ఏడాదికొకరోజు ఒంటికి రంగులు పూసుకుని ఊరేగడం మొదలుపెడుతుంది. మెకీ భార్య ఆంగ్లో ఇండియన్. ఇంగ్లండులో ఒక వీధిలో నడుస్తుంటే తమ కూతుర్ని ఎవరో ఒంటిరంగు పెట్టి అన్న మాట ఈ కథకి మూలమని ఆయనే చెప్పుకున్నాడు. కాబట్టి పుస్తకం మీద నాకు కోపం లేదు. దేశాలు దాటి వచ్చిన కథల్ని తరిమేయమనే బాపతు కూడా కాదు నేను.

శిల్పంగా చూస్తే ఆ ఏనుగుల్లో చాలావరకు టీ కప్పు మీద వేసే డిజైన్లే. అచ్చు ఒకటే, పైన రంగు మారుతుంది. 1998లో జ్యూరిక్‌లో ఆవులతో మొదలై, 1999లో షికాగో పోయి, అక్కణ్ణుంచి ఊరూరికీ ఆవులు, ఎలుగులు, కుక్కలు, ఏనుగులు. కళ సంగతి పక్కన పెడితే, అవి పనిచేసిన చోట ఎందుకు పనిచేశాయో చూడాలి. 2013లో బ్రిస్టల్‌లో 80 గ్రోమిట్ కుక్క బొమ్మలు పెట్టి, వేలం వేసి, పిల్లల ఆసుపత్రికి 20 లక్షల పౌండ్లకి పైగా పోగుచేశారు. గ్రోమిట్‌ని తయారుచేసిన స్టూడియో ఆ ఊళ్లోదే. 2014లో లండన్‌లో పాడింగ్టన్ ఎలుగు బొమ్మలు పెట్టారు, పిల్లల రక్షణ కోసం పనిచేసే సంస్థకి. పాడింగ్టన్ స్టేషన్లో, మెడలో చీటీతో, దిక్కులేకుండా నిలబడి దొరికిన ఎలుగు అది. యుద్ధకాలంలో మెడలో చీటీలు కట్టి రైళ్లెక్కించి పంపేసిన లండన్ పిల్లల్ని గుర్తుపెట్టుకుని రాశానని మైకేల్ బాండ్ చెప్పాడు. అట్లాంటి ఎలుగు బొమ్మ అమ్మి, దిక్కులేని పిల్లలకి డబ్బిస్తే ఎవరికీ వివరించాల్సిన పని లేదు.

న్యూకాసిల్‌కీ ఎల్మర్‌కీ పుట్టు సంబంధం ఏదీ లేదుగదా అని మీరు అడగొచ్చు. కమిటీలో కూడా అడిగారు. నిజమే. కానీ మా పాప వెళ్లిన నర్సరీలో ఎల్మర్ పుస్తకం అట్టలు చిరిగి, టేపేసి ఉండేది. అక్కడి పిల్లలకి అది తెలిసిన ఏనుగు. ఆ పెద్దావిడకి అది తెలిసిన ఆసుపత్రి. ఈ రెండూ ఉన్నాక మధ్యలో ఫైబర్ బొమ్మ ఎట్లా ఉన్నా నడిచిపోతుంది. మా ప్రెజెంటేషన్లో ఉన్నది ఆ మధ్యలో ఫైబర్ బొమ్మ ఒక్కటే.

మీటింగైన వారం మా గల్లీలో క్రికెట్ ఆడుతున్న పిల్లల్ని ఆపి ఎల్మర్ తెలుసా అని అడిగాను. ఎవరికీ తెలియదు. ఒకడు యూట్యూబులో ‘ఎలిఫెంట్ టూత్‌పేస్ట్’ ప్రయోగం చూశానన్నాడు. సరే, ఏదైనా ఒక ఏనుగు పేరు చెప్పండిరా అంటే ముగ్గురు ఒకేసారి అరిచారు: “రజని!”

రజని నెహ్రూ జూ పార్కు ఏనుగు. బోనాలప్పుడు హరిబౌలి అక్కన్న మాదన్న గుడి ఘటాన్ని మోసింది ఆ ఏనుగే. మొహర్రం పదో రోజు డబీర్‌పురా నుంచి బీబీ కా అలంని మోసింది ఆ ఏనుగే. ఘటం చార్మినార్ ముందు నుంచి నయాపూల్ దాకా పోతుంది. అలం చార్మినార్, గుల్జార్ హౌజ్ దాటి, మీరాలం మండీ, పురానీ హవేలీ, దారుల్‌షిఫా మీదుగా చాదర్‌ఘాట్ చేరుతుంది. రెండు తొవ్వలూ కలిసే చోటనే మా కమిటీ గళ్ల ఏనుగుని నిలబెడతానంటోంది. ఒకే వీపు మీద ఒక నెలలో పసుపు కుంకుమల ఘటం, ఇంకో నెలలో నల్ల దట్టీల అలం. బొంత ఏనుగంటే ఇంకెట్లా ఉంటుంది? ఆ పిల్లలు ముగ్గురిలో ఒకడు గౌలిపురా వాడు, ఇద్దరు సుల్తాన్‌షాహీ వాళ్లు. ఇద్దరికీ ఆ ఏనుగు తమదే.

(జనం మధ్య, డప్పుల మధ్య, ఎండలో ఏనుగుని నడిపించడం నాకు ఇష్టం ఉండదు. కొన్నేళ్లుగా అనుమతులనీ, కోర్టులనీ, పక్క రాష్ట్రాల నుంచి తెప్పించడమనీ ప్రతిసారీ పెద్ద తతంగం అవుతోంది. ఈ ఊళ్లో ఫైబర్ ఏనుగు అవసరం ఎక్కడైనా ఉంటే అక్కడ ఉంది. కాని ఆ మాట చెప్పాల్సింది ఆ గుడి వాళ్లు, ఆ ఆషూర్‌ఖానా వాళ్లు. నేను కాదు, మా కమిటీ అసలే కాదు.)

ఇక అసలు కథకొస్తాను. దీన్ని నాకు మొదట చెప్పింది మా నాయిన దోస్తు, హుసేనీ ఆలంలో అత్తర్ల దుకాణం చాచా. తర్వాత పుస్తకాల్లో చదివాను, ఒక్కొక్కరు ఒక్కో వివరం మార్చి చెబుతారు. కథ మాత్రం ఒకటే.

చార్మినార్ కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షాకి కూతురు హయాత్ బక్షీ బేగం. ఆమె కొడుకు అబ్దుల్లా. ఆ పిల్లవాణ్ణి ఒకరోజు మూరత్ అనే ఏనుగు మీద ఎక్కించారు. దారిలో ఏనుగుకి మదమెక్కింది. మావటిని చంపేసి, అంబారీలో ఉన్న పిల్లవాడితో సహా అడవిలోకి పోయింది. దగ్గరికి పోయే ధైర్యం ఎవరికీ లేదు. బాణం వేద్దామంటే పైన పిల్లవాడు. రోజులు గడుస్తున్నాయి. వాడికి తిండెట్లా? ఆ తల్లి ఏం చేసిందంటే, ఏనుగు తిరిగే తావుల్లో చెట్ల కొమ్మలకి అన్నం మూటలు కట్టించింది. కింద నుంచి ఏనుగు పోతుంటే పైన పిల్లవాడి చేతికి మూట అందాలి. చాచా ఈ ముక్క చెబుతున్నప్పుడల్లా కుర్చీలోంచి కొంచెం లేచి, చెయ్యి పైకెత్తి, గాల్లో మూట తెంపుకునేవాడు. అప్పటికి ఏడేళ్లుంటాయేమో నాకు. ఆ అడవి ఇప్పటికీ కళ్లముందు ఉంది.

బిడ్డ ప్రాణాలతో తిరిగొస్తే ఏనుగు కాలి గొలుసంత బరువున్న బంగారు గొలుసు హుసేనీ ఆలంకి తెచ్చి, బీదలకి పంచుతానని ఆమె మొక్కుకుంది. కొన్నాళ్లకి ఏనుగు చల్లబడి తనంతట తనే ఊరికి నడిచొచ్చింది. గొలుసు చేయించింది, ఊరేగింపుగా పట్టుకుపోయింది, ముక్కలు చేసి పంచింది. గొలుసుని లంగర్ అంటారు. ఆ తర్వాత ఏటా మొహర్రం ఐదో రోజు లంగర్ ఊరేగింపు జరిగేది. నిజాముల కాలంలో అది సైన్యం మొత్తం కవాతు చేసే పెద్ద ప్రదర్శన అయింది. దొరలు, దొరసానులు మేడలెక్కి చూసేవారట. ఏడో నిజాం కాలంలో ఆపేశారు.

పిల్లల కథకి ఇంకేం కావాలి? ఏనుగుంది. ఆపదలో ఉన్న పిల్లవాడున్నాడు. ఏడుస్తూ కూర్చోకుండా బుర్ర వాడిన తల్లి ఉంది. ఇప్పటికీ నడిచి చూడదగ్గ వీధులున్నాయి. దానం కూడా కథలోనే ఉంది, బయట నుంచి తెచ్చి అతికించక్కర్లేదు. ముఖ్యంగా ఇది చూడండి: ఎవరికి ఇవ్వాలో ఆమె ముందే చెప్పింది. ఏనుగు తిరిగి రాకముందే, గొలుసు చేయించకముందే బెనిఫిషియరీ గడి నిండిపోయింది. 400 ఏళ్ల కింద ఆమెకున్న స్పష్టత ఇవాళ మా పదమూడో స్లైడుకి లేదు.

ఈ మాట కమిటీలో అన్నాను. వచ్చిన జవాబులు ఇక్కడ చెప్పకపోతే అన్యాయం.

ఏనుగుల వల్ల పాతబస్తీకి జనం వస్తారు అన్నారు. ఆదివారం సాయంత్రం లాడ్ బజార్ మొగదల ఒకసారి నిలబడితే జనం కొరత ఎంతుందో తెలుస్తుంది. అక్కడ లేనిది ఖాళీ. 30 ఏనుగులు పెట్టాలంటే 30 చోట్లు కావాలి. ఆ చోట్లలో ఇప్పుడు గాజుల బండ్లు, పండ్ల బండ్లు, చెప్పుల గుట్టలు, సుర్మా అమ్మే ముసలాయన ఉన్నారు. చార్మినార్ చుట్టూ పాదచారుల కోసం అంటూ మొదలైన ప్రతి సుందరీకరణలోనూ మొదట లేచింది ఆ బండ్లే. పిల్లల ఆసుపత్రి కోసమని చెప్పి, ఆ ఆసుపత్రికే బిడ్డని తీసుకుపోయే తండ్రి బండి లేపించడం ఏ లెక్కన దానమో ఎవరూ చెప్పలేదు.

పాతబస్తీ మీద నెగటివ్ ఇమేజ్ పోతుంది అని ఇంకొకరు. ఈ మాటకి మాత్రం నాకు మండింది. ఇమేజ్ ఎవరికుంది? గచ్చిబౌలిలో కూర్చున్నవాళ్లకి. రంజాన్‌లో హలీం, పెళ్లికి గాజులు, ఎలక్షన్లప్పుడు ‘సెన్సిటివ్ ఏరియా’. ఇంతకు మించి మా ఊరు వాళ్లకి తెలియదు. ఆ తెలియనితనం పోగొట్టుకోవడానికి మా గోడల పక్కన బొమ్మలెందుకు? ఎల్మర్ కథలో తన రంగు దాచుకుని మందలో కలిసిపోవాలనుకున్న ఏనుగు తప్పు తెలుసుకుంటుంది. మా కమిటీ పాతబస్తీకి సరిగ్గా ఆ పళ్లరసమే పూస్తానంటోంది, కాకపోతే రంగురంగుల్లో.

డబ్బు సంగతి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు సగటు లాభంలో 2 శాతం ఇట్లాంటి పనులకి పెట్టాలి. 2021లో నిబంధనలు సవరించినప్పుడు, తమ సరుకుకి ప్రచారం కోసం ఇచ్చే స్పాన్సర్‌షిప్ ఈ లెక్కలోకి రాదని స్పష్టంగా రాశారు. మరి ప్రతి ఏనుగు పీఠం మీద ఒక కంపెనీ లోగో ఉంటుందిగదా అన్నాను. “చిన్నగా పెడదాం” అన్నారు.

బొమ్మలు ఎవరికథ చెబుతున్నాయన్న ప్రశ్న ఈ ఊరికి కొత్త కాదు. ట్యాంక్‌బండ్ మీద ఎన్టీఆర్ హయాంలో పెట్టిన తెలుగు ప్రముఖుల విగ్రహాలు 33. అందులో మావాళ్లెందరు అని తెలంగాణ ఏళ్లపాటు అడిగింది. 2011 మార్చి 10న, మిలియన్ మార్చ్ రోజు, కొన్నిటిని కూల్చి నీళ్లలోకి తోశారు. కూల్చడాన్ని నేను సమర్థించను. కాని అడగకుండా నిలబెట్టిన బొమ్మకి ఏమవుతుందో చూసిన ఊరు ఇది.

కంపెనీని తిట్టడం తేలిక. మన సంగతేంటి? ఈ పత్రికలో రాసేవాళ్లం, చదివేవాళ్లం. నేను తెలుగు చదవడం నేర్చుకున్నది 90ల్లో, గౌలిపురాలో, పాత చందమామలతో. వాటిల్లో ఎన్నో రాజ్యాలు తిరిగాను. మూడు గల్లీల అవతల జరిగిన కథ ఒక్కటి కూడా నాకు వాటిల్లో తగల్లేదు. లంగర్ కథని తెలుగులో, పిల్లల కోసం, బొమ్మలతో వేసిన పుస్తకం నేనింతవరకు చూడలేదు. 1990ల నుంచి ముస్లింవాద కవులు, కథకులు తెలుగులో రాసినది తక్కువేం కాదు, కాని అది పెద్దవాళ్ల సాహిత్యం. ఎనిమిదేళ్ల పిల్లకి ఏముంది? పాతబస్తీ అనగానే మనం దాన్ని ఉర్దూ వాళ్లకి వదిలేసి పక్కకి జరుగుతాం. మా అమ్మమ్మ ఊరు నల్గొండ జిల్లాలో. పీర్ల పండక్కి పీరుని ఎత్తుకునేది అక్కడ గౌండ్లాయన. అలాయి చుట్టూ ఆడేది ఊరంతా. అలం అంటే తెలుగు పిల్లలకి తెలియని వస్తువని ఎవరు తేల్చారో నాకు అర్థం కాదు. మనం రాయకుండా ఖాళీగా వదిలేసిన చోటుకే కదా ఇప్పుడు ఎల్మర్ వస్తున్నాడు.

ఒక కవిమిత్రుడు ఇదంతా విని, “బొమ్మలూ బూటకమే, ఛారిటీ బూటకమే, వదిలెయ్” అన్నాడు. నేను వదలను. దవాఖానలో తెల్లవారుజాము నుంచి ఓపీ చీటీ కోసం బిడ్డనెత్తుకుని నిలబడ్డ తల్లికి ఆ డబ్బు బూటకం కాదు. ప్రభుత్వం చేయాల్సిన పని ఇది అంటే సరే, అది కూడా అడుగుదాం. ఈలోపు ఆ బిడ్డకి జ్వరం ఆగదుగదా.

కమిటీకి నేను రాసిచ్చింది ఇది. లంగర్ కథతో 24 పేజీల బొమ్మల పుస్తకం, ఒకవైపు నుంచి తెలుగు, రెండోవైపు నుంచి ఉర్దూ. రెండు లిపులు రెండు వైపుల నుంచి మొదలవుతాయి కాబట్టి ఏనుగు మధ్య పేజీలో కలుస్తుంది. పాతబస్తీ సర్కారు బడులన్నిటికీ ఉచితంగా. బయట అమ్మినదాని డబ్బు పురానీ హవేలీలోని దుర్రు షెహ్వార్ పిల్లల ఆసుపత్రికో, రెడ్‌హిల్స్‌లోని నిలోఫర్‌కో. నిలోఫర్ వెనక కూడా ఒక కథ ఉంది. దగ్గర పనిచేసే అమ్మాయి కాన్పులో చనిపోతే తట్టుకోలేక, ఇంకే తల్లీ ఇట్లా పోకూడదని యువరాణి నిలోఫర్ పట్టుబట్టడంతో 1953లో వచ్చిన దవాఖానా అది. పుస్తకం పట్టుకుని పిల్లలు హుసేనీ ఆలం నుంచి చార్మినార్ మీదుగా దారుల్‌షిఫా దాకా నడుస్తారు. అక్కడ కులీ కుతుబ్ షా కట్టించిన పాత దవాఖానా ఉంది. దార్లో బండ్లన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. ఫైబర్ ఏనుగు తప్పనిసరంటే ఒక్కటి పెట్టండి, ఆసుపత్రి వరండాలో, పిల్లలు ఎక్కి కూర్చునేట్టు.

“ఐడియా బాగుంది, కానీ రెలిజియస్ యాంగిల్ ఉంది” అన్నారు.

మా లాబీలో దసరాకి బతుకమ్మ పేరుస్తారు, డిసెంబర్లో క్రిస్మస్ చెట్టు పెడతారు, గణపతిని తొమ్మిది రోజులు కూర్చోబెట్టి లడ్డూ వేలం కూడా వేస్తారు. వాటికి లేని యాంగిల్ ఒక తల్లి చెట్టుకి కట్టించిన అన్నం మూటకి వచ్చింది. ఈ మాట మీటింగులోనే అనాల్సింది. అనలేదు, అప్రైజల్ నెల. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ప్రెజెంటేషన్ వచ్చే క్వార్టర్‌కి వాయిదా పడింది. నా కాగితం మినిట్స్‌లో ‘పరిశీలనలో’ అని ఉంది. కమిటీ ఒప్పుకోకపోయినా పుస్తకం పని మొదలుపెట్టాను. తెలుగు రాయడం అయింది. ఉర్దూ పాఠం చాచా కొడుకు చూస్తున్నాడు. బొమ్మలకి మనిషి కావాలి. ఏనుగుని చాలామంది బాగానే గీసి పంపారు. చెట్టుకి వేలాడే మూటే ఎవరికీ కుదరడం లేదు, అందరూ దాన్ని మరీ కిందికి వేస్తున్నారు. అంబారీలో కూర్చున్న పిల్లవాడు చెయ్యెత్తితే అందేంత ఎత్తులో ఉండాలి.